డబ్బ మీద సూసినవా

జగిత్యాలలో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాల చివర గాజు గిన్నెల్లో ఎర్రటి జెల్లీ ముక్కలు పెట్టి, పైన క్రీము వేసి చేతికిస్తున్నారు. చెంచా తగిలితే చాలు, ముక్క వణుకుతోంది. గిన్నె అందుకుని, ఇది గట్టిపడటానికి ఏం వేశారని అడిగాను. పంచే మనిషి నన్ను ఎగాదిగా చూసి, పౌడరమ్మా అన్నాడు. దేనితో చేసిన పౌడరని మళ్లీ అడిగాను. వెనక వరస పెరిగిపోతోంది. మా ఆయన మోచేత్తో పొడిచాడు. గిన్నె అక్కడే పెట్టేసి బయటికొచ్చి, చెప్పులు విడిచిన చోట నిలబడి ఏడ్చాను. పెళ్లికొచ్చి ఈ ఏడుపేమిటని మా ఆయన కంగారుపడిపోయాడు.

అలా అడగడం నా అలవాటు కాదు. కోరుట్లలో ఒకప్పుడు నేను అద్దెకున్న ఇంట్లో, పక్క వాటాలో ఉన్న ఒకామె అలవాటు. ఆమె పోయి రెండు నెలలైంది. పేరు రాయను. రాస్తే ఆమె సిగ్గుపడుతుంది. రేషన్ కార్డు మీద తప్ప తన పేరు ఇంకెక్కడా కనిపించకూడదన్నట్టు బతికిన మనిషి. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఇక్కడా అక్క అనే అంటాను.

నాది సిరిసిల్ల. మా నాన్న చేనేత కార్మికుడు. నేసిన బట్టకు అడిగేవాళ్లు లేక మగ్గం చివరికి పొయ్యిలో కట్టెలైంది. అన్న భీవండికి వలసపోయాడు. నేను డిగ్రీలో చదివిన సైన్సును పట్టుకుని కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. తెలిసింది గోరంత, చెప్పాలన్న ఆత్రం కొండంత.

అక్క వాకిట్లో గోడకు వీపు ఆనించి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, అన్నీ చూడకుండానే జరిగిపోయేవి. కళ్లు దారి మీద, వేళ్లు పని మీద. ఎవరైనా వచ్చి మాట్లాడితే మాత్రం చేతులు ఆగిపోయేవి. ఎదుటి మనిషి చెబుతుంటే మన చేతులు ఆడుతూ ఉంటే ఆ మనిషిని సగమే విన్నట్టని ఆమె లెక్క. ఈ లెక్కతో నువ్వు కట్టలెప్పుడు పూర్తిచేస్తావని నేనంటే నవ్వేది. నా బడి కబుర్లన్నీ ఆమె అలా చేతులు ఆపుకునే విన్నది. నా జీవితంలో నన్ను అంత శ్రద్ధగా విన్నవాళ్లు మరొకరు లేరు. అదే నాకు శాపమైంది, ఆమెకూ అయింది.

ఆమె భర్త కల్లు గీసే గౌండ్ల ఇంటి మనిషి. చెట్లు తగ్గిపోయి, గీసింది తాగేవాళ్లు తగ్గిపోయి, దుబాయి వెళ్లాడు. అక్కడ ఒక పెద్ద హోటలు వంటింట్లో గంజులు, గిన్నెలు తోమే పని. ఆయన్ని నేను కళ్లారా చూసింది లేదు. మాట మాత్రం రోజూ వినేదాన్ని. "అడిగితే పోయేదేమున్నది" అన్నది ఆయన మాట. బస్సు ఎటు పోతుందో, డాక్టరు రాసిన మందు దేనికో, ఎంతటివాడినైనా నిలబెట్టి అడిగే మనిషట. అక్కకు అడగడమంటే సిగ్గు. తప్పనిసరైతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముందు ఆ మాట అనుకుని, తర్వాత అడిగేది. కరెంటు ఆఫీసులో ఒకసారి ఆ మాట ఒక్కటి అనేసి, అడగాల్సింది మర్చిపోయి తిరిగొచ్చింది.

ఆయన విమానమెక్కిన రోజే ధర్మపురి నర్సింహస్వామికి మొక్కుకుంది. మనిషి మంచిగా తిరిగొచ్చి, ఇద్దరూ కలిసి గోదావరిలో మునిగేదాకా నీసు ముట్టనని. మా వైపు నీసంటే మాంసం, చేప, గుడ్డు అన్నీ వస్తాయి. గౌండ్ల ఇంట్లో నీసు మానడం చిన్న సంగతి కాదు. ఎల్లమ్మ పండుగకు కోడి కోయాల్సిందే, కూర వండాల్సిందే. ఆమె వండేది, తినేది కాదు. ఉడుకుతున్న కూర గరిటెతో నా గుమ్మంలోకి వచ్చి, "జర ఉప్పు సూడు టీచరమ్మా" అనేది. నేను రుచి చూస్తుంటే తన నోరు కూడా కదిలేది. మొక్కు నాలుకకేనా, ముక్కుకు లేదా అని ఆటపట్టిస్తే, ముక్కుకు కూడా పెట్టుకుంటే వండేదెవరనేది.

శుక్రవారం శుక్రవారం ఇంటి ఓనరు గారి ఫోనుకు ఆయన ఫోను వచ్చేది. రెండు మూడు నిమిషాల మాట. అయిపోగానే నా దగ్గరికి వచ్చి ఆయనేమన్నాడో, తనేమన్నదో మొత్తం అప్పజెప్పేది. ఆయన దగ్గితే ఆ దగ్గు కూడా వదిలేది కాదు. మొక్కు మానుకో, ఒళ్లు చూసుకో అని ఆయన పోట్లాడేవాడట. ఈమె వినేది కాదు.

మే నెలలో ఒకరోజు, మల్లాపూర్ ఆయన ఒకరు సెలవు మీద వస్తూ ఈయన పంపిన సంచి తెచ్చి ఇచ్చారు. వాళ్ల చిన్న పాపకు గౌను, అక్కకు సెంటు సీసా, అడుగున ఒక అట్టడబ్బా. డబ్బా మీద స్ట్రాబెర్రీ పండ్ల బొమ్మ. లోపల ఎర్రటి పొడి. ఎలా చేయాలో పక్కన బొమ్మలు వేసి ఉన్నాయి. పాప ఎగిరి గంతులేసింది. అక్క నీళ్లు మరగబెట్టి, పొడి పోసి కలిపి, స్టీలు పళ్లెంలోకి ఒంపి కిటికీ గట్టు మీద పెట్టింది. ఫ్రిజ్ ఆమె ఇంట్లోనూ లేదు, నా ఇంట్లోనూ లేదు. వాకిలి ఊడ్చి వచ్చేసరికి పళ్లెంలోది గట్టిపడి కూర్చుంది. కత్తితో పలకలుగా కోసింది. అంచులు చక్కగా తెగాయి. మొదటి ముక్క పాపకు, రెండోది నాకు, మూడోది తను నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆయన పనిచేసే చోట ఇటువంటివే చేస్తారటనీ, తోమే గంజులకు ఇదే అంటుకుని ఉంటుందేమోననీ అంది.

నేను నోట్లో ముక్క ఉండగానే పాఠం మొదలుపెట్టాను.

"గిది ఎట్ల గట్టిపడ్డదో ఎర్కనా అక్కా? జెలటిన్ అంటరు. పశువుల బొక్కలు, తోళ్లు ఉడకబెట్టి తీస్తరు. మా నాయిన మగ్గం చెక్కలు అతికే సరేసు ఉంటది సూడు, గదీ ఇదీ ఒక్కటే."

బొక్కలంటే మా వైపు ఎముకలు. నేను చెప్పింది పుస్తకం ప్రకారం తప్పు కాదు. సరేసు జిగురూ, మిఠాయిల్లో వేసే జెలటినూ ఒక తల్లి పిల్లలే. శుభ్రం చేయడంలోనే తేడా. కానీ నేను డబ్బా తిప్పి చూడలేదు. జెల్లీ అంటే జెలటినేనని అనేసుకున్నాను, అనేశాను. మొక్కు సంగతి ఆ క్షణాన గుర్తుకే రాలేదు. గుర్తున్నా ఆగేదాన్నా అంటే, ఆగేదాన్నని ప్రమాణం చేయలేను.

అక్క అరచేతిలోకి ఉమ్మేసింది. పెరట్లోకి పరుగెత్తి గొంతులో వేళ్లు పెట్టుకుంది. తిరిగొచ్చి, ముఖం తుడుచుకుని, మిగిలిన పళ్లెం పాప ముందు పెట్టి, బిడ్డకు మొక్కు లేదుగా అంది. ఆ పూట ఒక్క బీడీ చుట్టలేదు.

శుక్రవారం ఫోను వచ్చినప్పుడు నేనూ వెంట వెళ్లాను. బొక్కల సంగతి చెబుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. తిన్నాననీ, బాగుందనీ అంది. తర్వాత ఆయనేదో అడిగితే, చూశాననీ, బాగుందనీ అని నవ్వింది. బయటికి రాగానే ఎప్పటిలాగే అప్పజెప్పింది.

"తిన్నవా అన్నడు. తిన్న అన్న. డబ్బ మీద సూసినవా అన్నడు. సూసిన, బొమ్మ మస్తున్నది అన్న. సంబరపడ్డడు."

ఆయనకెందుకు చెప్పలేదని అడిగాను.

"ప్రేమతోని పంపిండు టీచరమ్మా. నీ చేతులతోనే నా మొక్కు చెడగొట్టినవని ఎట్ల చెప్పుదు?"

మర్నాడు ధర్మపురి బస్సెక్కి వెళ్లి, గోదావరిలో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి తప్పు ఒప్పుకుని వచ్చింది. మనసు కొంచెం తేలికైందనే అంది. ఆ తర్వాత మూడు వారాలకు ఆయన డ్యూటీ చేసి వచ్చి, క్యాంపులో మంచం మీద పడుకుని, మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. శవం రావడానికి నెల పట్టింది. పెట్టె గుమ్మంలో పట్టలేదు. ఆమె రోజూ బీడీలు చుట్టే చోటే, ఆ గోడ పక్కనే దించారు. అంతకన్నా రాయలేను.

దినాలు అయ్యాక ఒక సాయంత్రం నా గుమ్మంలోకి వచ్చింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. కొంగు కింద చేతిలో ఏదో పట్టుకుని ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అడిగితే పోయేదేమున్నది అంటుండే ఆయిన. ఒక్క మాట అడుగుత టీచరమ్మా. గా జెల్లీల నిజంగనే బొక్కలేనా?"

కాదని చెప్పొచ్చు. ఆ సమయంలో ఎవరైనా కాదనే చెబుతారు. కానీ అప్పుడు కాదంటే జాలిపడి అబద్ధం చెప్పానని ఆమెకు తెలిసిపోతుందనుకున్నాను. అది నేను నాకు చెప్పుకున్న మాట. లోపలున్నది వేరు. టీచరమ్మ చెప్పింది తప్పని ఒప్పుకోవడం రాదు నాకు. అవునక్కా అన్నాను. అన్ని జెల్లీల్లోనూ అదేనా అంది. అన్నిట్లోనూ అదేనన్నాను. ఆపైన మనిషి గుండెకూ మొక్కుకూ సంబంధం లేదనీ, అక్కడి ఎండ, ఆ పని మనుషుల్ని అలా చేస్తున్నాయనీ ఏవేవో చెప్పాను. చేతులు కదలకుండా అన్నీ విన్నది. "నువ్వు చెప్పకపోతే నాకు ఎర్కనే లేకపోవు" అని, నేనేదో మేలు చేసినట్టు తల ఊపి వెళ్లిపోయింది. వెళుతుంటే కొంగు అంచులోంచి అట్టముక్క మూల, దాని మీద సగం స్ట్రాబెర్రీ పండు కనిపించాయి. చెయ్యి చాపి, ఇటివ్వు అక్కా చూస్తానంటే సరిపోయేది. పేపర్లలోకి తల దించుకున్నాను.

ఆ తర్వాత ఆమె ఇక నీసు ముట్టలేదు. మొక్కు తీరే దారే లేదు కనుక అది చచ్చేదాకా మొక్కే. అడగడానికి సిగ్గుపడే మనిషి అన్నిటినీ అడగడం మొదలుపెట్టింది. ఐస్‌క్రీం బండివాణ్ణి, బేకరీవాణ్ణి, పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లను. "దీన్ల బొక్కలు ఉన్నయా?" అదొక్కటే ప్రశ్న. గొట్టం మాత్రల పైపొర కూడా దానితోనే చేస్తారని నేనే ఎప్పుడో చెప్పాను. అది కూడా మర్చిపోలేదు. జ్వరమొస్తే మాత్ర విప్పి, లోపలి చేదుపొడి బెల్లంలో కలుపుకుని మింగేది. వాడలో పిల్లలు బొక్కలవ్వ అని పేరు పెట్టారు. ముప్పై నిండీ నిండని మనిషిని అవ్వ అన్నారు. ఆమె వాళ్లనేమీ అనేది కాదు, వాళ్ల చేతిలోని చాక్లెట్లను మాత్రం దిగులుగా చూసేది.

ఆ దిగులు చూడలేక నేనొక ఉపాయం చెప్పాను. చైనా గ్రాస్ అని దొరుకుతుంది. సముద్రపు నాచు నుంచి తీస్తారు. తెల్లగా, ఎండిన దారాల కట్టలాగా ఉంటుంది. కోరుట్లలో రంజాన్ నెలలో కిరాణా దుకాణాల్లో తప్పకుండా దొరుకుతుంది. నానబెట్టి, నీళ్లలో పూర్తిగా కరిగేదాకా ఉడికించి, పాలు, చక్కెర కలిపి పోస్తే చాలు, గట్టిపడుతుంది. జీవి లేదు, బొక్క లేదు. అక్క దుకాణదారును మూడుసార్లు అడిగి నిర్ధారించుకుని తెచ్చింది. అప్పటి నుంచి ఏటా ఆయన పోయిన రోజున అదే స్టీలు పళ్లెంలో పోసి, అదే కిటికీ గట్టు మీద పెట్టి, అదే కత్తితో పలకలు కోసి వాడలోని పిల్లలకు, బీడీలు చుట్టే ఆడవాళ్లకు పంచేది. "నీసు కాదు, తినుండ్రి" అని ఒక్కొక్కరికీ చెప్పి చేతిలో పెట్టేది. తను మాత్రం ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నాకు తెలుసు, నేనూ అడగలేదు.

నాకు పెళ్లై జగిత్యాల వచ్చేశాను. ఇక్కడితో అయిపోతే నాది తెలియక చేసిన తప్పని సరిపెట్టుకునేదాన్ని.

నాలుగేళ్ల కింద ఒక ఎండాకాలం, మా అబ్బాయి పుట్టినరోజుకని జెలటిన్ పొడి కొని పుడ్డింగు చేశాను. ఫ్రిజ్‌లో గట్టిపడింది. బయటికి తీసి బల్ల మీద పెట్టి, పిల్లలను పిలవడానికి వెళ్లాను. కబుర్లలో పడి ఆలస్యమైంది. వచ్చేసరికి అంచులు జారి, అడుగున నీళ్లు తేలి, అంతా చారులాగా అయింది. పిల్లలు నవ్వారు. నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. జెలటిన్ మన ఎండకు ఆగదు. చల్లబెట్టందే గట్టిపడనే పడదు. మరి ఆ రోజు, మే నెల కోరుట్లలో, ఫ్రిజ్ లేని ఇంట్లో, కిటికీ గట్టు మీద ఎలా గట్టిపడింది? కత్తికి అంచులు అంత చక్కగా ఎలా తెగాయి? చైనా గ్రాస్ ముక్కలు కూడా అలాగే తెగేవి. ఏటేటా నా కళ్లముందే తెగేవి. సైన్సు టీచరును నేను.

కోరుట్ల బస్సెక్కితే గంట కూడా పట్టదు. వెళ్లలేదు. డబ్బా చూడకుండా ఎలా చెప్పడమనుకున్నాను. మానుతున్న పుండును గెలకడం ఎందుకనుకున్నాను. అది మానలేదని నాకు తెలుసు. అసలు సంగతి ఒకటే. అక్క నన్ను ఇంకా టీచరమ్మా అని, ఆ వెనకటి నమ్మకంతోనే పిలిచేది. ఆ పిలుపు పోతుందని భయపడ్డాను. రేపు వెళదాం, పండుగ దాటాక వెళదాం అంటూ నాలుగేళ్లు గడిపాను. అక్క ఆగలేదు. ఇన్నేళ్ల తంబాకు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, దగ్గి దగ్గి పోయింది.

దినాలకు వెళ్లాను. పాప ఇప్పుడు పాప కాదు, సిరిసిల్లలో బట్టలు కుట్టే పనికి పోతోంది. వచ్చినవాళ్లంతా వెళ్లాక రేకుపెట్టె తెరిచి అమ్మ వస్తువులు ఒక్కొక్కటీ నా ముందు పెట్టింది. పొట్టిదైపోయిన గౌను. ఖాళీ సెంటు సీసా. వాటి కింద, బాగా మడత నొక్కి, పాత రుమాలులో చుట్టి, ఆ అట్టడబ్బా. అమ్మ దీన్ని ఎందుకు దాచిందో తనకు తెలియదనీ, నాయిన చేతి వస్తువని కావచ్చనీ అంది.

తీసుకుని తిప్పి చూశాను. వెనకవైపు చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో ఏమేం కలిపారో రాసి ఉంది. అందులో ఒక్క మాట చుట్టూ నీలిరంగు పెన్నుతో సున్నా చుట్టి ఉంది. గట్టిగా ఒత్తి చుట్టాడు. ఇన్నేళ్లకు రంగు వెలిసింది గానీ అట్ట మీద గాడి చేతికి తగులుతోంది. సున్నాలోని మాట అగర్. చైనా గ్రాసే. సముద్రపు నాచు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. కాబట్టి కొనేముందు డబ్బా పట్టుకుని ఎవరినో అడిగాడు. ఆ వంటింట్లో మిఠాయిలు చేసేవాళ్లనే అడిగాడేమో, మా ఇంటిదానికి మొక్కుంది, నీసు లేనిది ఏది అని. వాళ్లు ఏ మాట చూపించారో ఆ మాటకు సున్నా చుట్టాడు. చదివి చెప్పడానికి పక్క వాటాలో టీచరమ్మ ఉందని ఆయనకు తెలుసు. అక్క ప్రతి శుక్రవారం నా గురించి చెప్పేది.

"ఏం రాసున్నది టీచర్?" అని పాప అడిగింది.

ఈసారి చెప్పాను. మొదటి నుంచీ చెప్పాను. నేను పాఠం చెప్పడం, అమ్మ వాంతి చేసుకోవడం, ఫోను, ధర్మపురి, పుడ్డింగు, నేను ఎక్కని బస్సు. "బొక్కలు కావు బిడ్డా. మీ నాయిన అడిగి, సూసి పంపిండు. మీ అమ్మ మొక్కు చెడలే" అన్నాను. ఆ పిల్ల డబ్బా తన చేతుల్లోకి తీసుకుని, సున్నా మీద వేలు పెట్టి, వాళ్ల అమ్మలాగే చేతులు కదలకుండా విన్నది. విన్నాక తలెత్తింది.

"మరి అమ్మ మిమ్ముల అడగలేదా టీచర్?"

"అడిగింది" అన్నాను.